తలుపు మీద రెండో ఇంటూ

"ఆ గుడ్డ అక్కడ పడేసి లోపలికి రా దేవీ. నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు గీసేటప్పుడు చూళ్ళేదా?"

నాగబాబు గుమ్మం లోపల నిలబడి ఉన్నాడు. దేవి గుమ్మం బయట నిలబడి తలుపును తడిగుడ్డతో రుద్దుతోంది. సుద్దముక్కతో గీసిన ఇంటూ మార్కు ఎప్పుడో చెరిగిపోయింది. అయినా ఆమె చెయ్యి ఆగడం లేదు.

పై అంతస్తు కుర్రాళ్ళు ఇద్దరు ఖాళీ డబ్బాలు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. అందులో ఒకడు వెంకీ. నాగబాబు వంటచేసే కేటరింగ్ కంపెనీలోనే స్టోరు చూస్తాడు. తలుపు మీద తెల్లటి మరక చూశారు, ఆమె మొహం చూశారు, వెనక్కి తిరిగిపోయారు.

"చూశారా? నా పిండి తప్ప ఇంకోటి ముట్టని పిల్లలు. చూశారా ఎలా పోతన్నారో?"

"ఇంట్లోకొచ్చి మాట్లాడు."

"ఇంట్లో ఏం మిగిల్చారని రమ్మంటన్నారు?"

గుడ్డ విసిరికొట్టింది. అది నాగబాబు కాళ్ళ దగ్గర పడింది. అతను దాన్ని తీసి, నీళ్ళు పిండి, బాల్చీ అంచు మీద ఆరేశాడు. ఆ నెమ్మది చూసేసరికి దేవికి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? కట్టుకున్న పెళ్ళాం తలుపు మీద వరసగా రెండో వారం ఇంటూ వేసిన మనిషి, కనీసం గొంతైనా పెంచకుండా గుడ్డలు ఆరేసుకుంటుంటే ఏ ఆడదానికి మండదు?

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని ఆ బిల్డింగులో దోసెల పిండి రుబ్బి అమ్మే ఇళ్ళు అయిదు. అందరూ గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. శనివారం సాయంత్రం బిల్డింగులోని తెలుగువాళ్ళ సంఘం తరఫున ఇద్దరు మనుషులు ఇంటింటికీ వచ్చి, ఆ ఇంటి పిండితో వేసిన ఇడ్లీని చట్నీ లేకుండా తిని చూస్తారు. బాగుంటే తలుపు మీద నిలువు గీత, పూర్తి ధర. ఒక మాదిరిగా ఉంటే అడ్డగీత, ధర తగ్గించి అమ్మాలి. ఇంటూ పడితే ఆ వారం ఆ ఇంటి పిండి ఎవరూ కొనకూడదు. వరసగా రెండు వారాలు ఇంటూ పడితే గ్రైండర్ రాయి ఊడదీసి సంఘం గదిలో పెట్టేస్తారు. రాయి లేని గ్రైండర్ దేనికి? బట్టలు నానబెట్టుకోవడానికా?

ఆ రుచి చూసే ఇద్దరిలో ఒకడు మాణిక్యం. రెండోవాడు దేవి మొగుడు.

ఇంకా కడుపు మండే సంగతి ఏమిటంటే, ఈ పద్ధతిని ఈ బిల్డింగులోకి తెచ్చిందే దేవి. కరోనా లాక్‌డౌన్‌లో ఎవరిదో పాడైపోయిన పిండి తిని ఒక గది కుర్రాళ్ళంతా వాంతులతో పడిపోతే సంఘం మీటింగు పెట్టింది. అప్పుడు దేవి, తను ఒకప్పుడు వంటచేసిన స్కాట్లాండు మేడమ్ చెప్పిన కబురొకటి సరదాగా చెప్పింది. మేడమ్ వాళ్ళ ఊళ్ళలో వందల ఏళ్ళ కిందట ఆడవాళ్ళు ఇళ్ళల్లోనే బార్లీతో ఏల్ అనే బీరు కాచి అమ్మేవారట. దాన్ని రుచి చూడటానికి ఊరి తరఫున మనుషులుండేవారట. తాగి చూసి, దీన్ని ఈ ధరకు అమ్ము, దాన్ని పారబొయ్యి అని తేల్చేవారట. మాట వినని ఆడదాని గుండిగకి అడుగు పగలగొట్టేవారట. అయితే ఆ రుచిచూసేవాళ్ళు మాత్రం ఇంట్లో అడుగుపెట్టకూడదు. వీధి మధ్యలో నిలబడాలి. ఒక్కడు లోపలికెళ్ళి ముంత పట్టుకురావాలి. ఇంట్లో కూర్చుని కడుపు నింపుకుంటే నాలుక పనిచెయ్యదని ఆ కట్టుబాటు.

సంఘం పెద్ద సుబ్బరాజుగారికి ఆ కబురు తెగ నచ్చింది. ధర కట్టడం నచ్చింది, గుండిగకి బదులు గ్రైండర్ రాయి ఊడదీయడం నచ్చింది. వీధిలో నిలబడే ముక్క ఒక్కటే ఎవరికీ నచ్చలేదు. మగమహారాజులు కదా, నచ్చిన ముక్కలే ఏరుకున్నారు. అప్పటినుంచి శనివారం వచ్చిందంటే రుచిచూసేవాళ్ళకి ఒకింట్లో కోడి పలావు, ఇంకో ఇంట్లో రొయ్యల వేపుడు. దేవి ఒక్కతే ఇడ్లీ తప్ప ఏమీ పెట్టదు. పెట్టకపోతే ఏం, వచ్చేది మొగుడే కదా అనుకుంది పిచ్చి మనిషి.

ఆమె లోపలికి వచ్చేసరికి, హాలుని సగం చేసిన ప్లైవుడ్ గోడ పక్కనుంచి చంద్రవ్వ తొంగిచూసింది. జగిత్యాల నుంచి వచ్చిన మనిషి. ఆఫీసుల్లో క్లీనింగు డ్యూటీ చేసుకుంటూ ఆ సగం హాల్లో అద్దెకుంటోంది.

"ఏమైంది చెల్లె? మల్ల ఏసిండ్రా?"

"నా మొగుడే వేశాడక్కా. చేతులారా వేశాడు."

"నేనొక్కణ్ణే అనలేదు," అన్నాడు నాగబాబు. "పులిసిపోయింది, వాసనొస్తందని మాణిక్యం అన్నాడు. నేను కాదంటే ఏమంటారు? పెళ్ళాన్ని ఎనకేసుకొచ్చాడంటారు. న్యాయం అందరికీ ఒకటే ఉండాలి గదా."

"న్యాయమా! మాణిక్యం వదిన కింద ఫ్లోర్లో పిండి అమ్మతంది. ఆవిడ తలుపు మీద ఏనాడైనా అడ్డగీత పడిందా?"

"ఆవిడ పిండి బాగుంటది."

దేవి అతని వైపు గుడ్లప్పగించి చూసింది.

"ఏమన్నారు?"

"బాగుంటదన్నాను. దానికేంటిప్పుడు?"

"సరే. మాణిక్యం మాట పక్కన పెట్టండి. నా ఇడ్లీ మీ నోటికి ఎలా ఉంది?"

"పుల్లగా ఉంది."

"ఎంత పులుపు?"

"పులుపంటే పులుపే. కిలోల లెక్కన చెపుతారా ఏంటి?"

"కూచోండి," అంది దేవి. "లేచారంటే ఊరుకోను. అక్కడే కూచోండి."

వంటింట్లోకి విసురుగా వెళ్ళింది. చంద్రవ్వ వెనకాలే వెళ్ళింది.

ఇవాళ్టి పిండి గిన్నె గట్టు మీదే ఉంది. దేవి దాంతో ఒక ఇడ్లీ పోసింది. తర్వాత సింకు కింద నుంచి ఒక పాత గిన్నె తీసింది. దేవుడి ఇత్తడి సామాను తోముకోవడానికి అట్టిపెట్టిన పిండి అది. ఎన్నాళ్ళదో ఆమెకే గుర్తులేదు. మూత తీయగానే చంద్రవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"థూ! గిది తినేదేనా చెల్లె?"

"తినేది కాదక్కా. పులుపంటే ఏంటో ఈయనకి చూపించడానికి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే ఊసేస్తాడు. అప్పుడు నా పిండి పులిసిందో లేదో ఆయన నోటితోనే చెప్పిస్తాను. మాణిక్యం దగ్గరికి కూడా తీసుకెళ్ళి చెప్పిస్తాను."

ఇడ్లీలు ఉడుకుతున్నాయి. హాల్లో నాగబాబు టీవీ రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు, టీవీ మాత్రం పెట్టలేదు. ఎవరైనా వచ్చి ఆ ఇంట్లో ఏం జరుగుతోందని అడిగితే, ఏమీ జరగడం లేదనే చెప్పాలి.

దేవి పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. రెండు ఇడ్లీలు, కొంచెం దూరం దూరంగా.

"తినండి. అటుదీ, ఇటుదీ. తిని చెప్పండి."

"ఏంటిది, పరీక్షా?"

"మీరు నాకు ప్రతి శనివారం పెట్టేదేంటి మరి?"

నాగబాబు ఇవాళ్టి పిండి ఇడ్లీ ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. "ఇదిగో, ఇదే ఇందాకటిది. చెప్పాను గదా పుల్లగా ఉందని."

దేవి పళ్ళేన్ని అతని వైపు ఇంకాస్త జరిపింది. రెండోది తిననీ, అనుకుంది.

అతను రెండో ఇడ్లీ తుంచాడు. నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, మింగాడు. ఇంకో ముక్క కూడా తుంచుకున్నాడు.

"ఇది నయం. కొత్తగా రుబ్బావా? దీనికైతే నిలువు గీతే పెట్టచ్చు."

చంద్రవ్వ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. "అవ్వో! నాగబాబన్నా, గది కంపు గొడుతున్నది! ఈడికి వస్తున్నది వాసన. నీకు ఎరుకైతలేదా?"

నాగబాబు చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. పళ్ళెం వైపు చూశాడు. చంద్రవ్వ వైపు చూశాడు. దేవి వైపు చూడలేకపోయాడు.

దేవి నేల మీద చతికిలబడింది. ఎప్పుడెప్పుడివో గుర్తొచ్చాయి. పాలు మాడి ఇల్లంతా పొగచూరుతుంటే సోఫాలో హాయిగా ఫోను చూసుకుంటున్న మొగుడు. అన్నంలో ఉప్పు చాలిందా అని అడిగితే, నీకెలా ఉంది అని ఎదురడిగే మొగుడు. శనివారాలు ఇడ్లీ నోట్లో పెట్టుకుని, మాణిక్యం పెదవి విప్పేదాకా గుటకలు మింగుతూ కూర్చునే మొగుడు. ఇన్నాళ్ళూ ఇవన్నీ కళ్ళెదుటే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?"

"దేవీ..."

"ఎప్పట్నుంచని అడుగుతున్నాను!"

"కరోనా వచ్చినప్పుడు క్వారంటైన్‌లో పెట్టారు చూడు. అప్పుడు పోయింది. ముక్కుకీ లేదు, నాలుక్కీ లేదు. నెమ్మదిగా వస్తదన్నాడు డాక్టరు. రాలేదు."

"మా అక్క చేత చింతచిగురు పంపించుకుని ఎండురొయ్యలేసి వండాను. అబ్బ, ఏం కుదిరిందే అన్నారు. మళ్ళీ వడ్డించుకుని తిన్నారు. పిచ్చిదాన్ని, మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఎవరి కోసమండీ ఆ నాటకం?"

"నీ కోసమే. నువ్వు బాధపడతావని..."

"నా కోసమా!"

పళ్ళేన్ని ఒక్క తోపు తోసింది. ఇడ్లీ దొర్లుకుంటూ పోయి టీవీ బల్ల కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"మరి డ్యూటీలో? డీఐపీ ఏరియాలో అన్ని లేబర్ క్యాంపులకి వండి పంపిస్తావు గదా. ఉప్పెవరు చూస్తన్నారు, కారమెవరు చూస్తన్నారు?"

పెళ్ళయినప్పటినుంచీ మొగుణ్ణి మీరు అని తప్ప పిలవని మనిషి. నువ్వు అనేసింది. అన్న సంగతి ఆమె గమనించలేదు. నాగబాబు గమనించాడు.

"నూర్ మొహమ్మద్ చూస్తాడు. నా హెల్పరు. భాయ్, నమక్ ఠీక్ హై అంటే దించేస్తాను."

"వాడికి తెలుసా?"

నాగబాబు తల ఊపాడు.

"నూర్ మొహమ్మద్‌కి తెలుసు," అంది దేవి మెల్లగా. "నాకు తెలీదు." ఒక్కసారిగా గొంతు లేచింది. "అయితే ఆ నూర్ మొహమ్మద్‌తోనే కాపురం చెయ్యి! నేనెందుకిక్కడ? నీ పక్కన పడుకున్నదాన్ని, నీకు ముద్ద పెట్టినదాన్ని, నాకు చెప్పవు. కిచెన్లో గిన్నెలు కడిగేవాడికి చెపుతావు!"

"ఏం చెప్పమంటావే!" ఇప్పుడు నాగబాబు కూడా అరిచాడు. "రుచి తెలీని వంటవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? మా కిచెన్ మేనేజరు, ఆ ముదీర్ చెవిన పడితే ఆ పూటే ఖలాస్. నా వీసా కట్ చేస్తే నీ వీసా ఉంటదా? నా వీసా మీదే గదా నువ్వున్నది. నీకు చెపితే చంద్రవ్వక్కకి చెపుతావు. చంద్రవ్వక్క డ్యూటీలో ఇంకోళ్ళకి చెపుతది..."

"నడుమల నన్నెందుకు గుంజుతున్నవన్నా?" అంది చంద్రవ్వ.

"చెప్పకపోతే చెప్పకపోయావు," అంది దేవి. "నా తలుపు మీద ఆ సుద్దముక్క ఎందుకు పట్టుకున్నావు? రుచి చూసే పని నాకొద్దు, ఇంకోణ్ణి పెట్టుకోండి అనొచ్చుగా?"

"వంటవాడు రుచి చూడనంటే ఎందుకు చూడవని అడుగుతారు. ఏమని చెప్పాలి?"

"అందుకని నా నోట్లో మట్టి కొట్టావు!"

బెల్ మోగింది.

రెండోసారి మోగింది. దేవి లేచి, కొంగుతో మొహం తుడుచుకుని తలుపు తీసింది.

సుబ్బరాజుగారు, ఆయన పక్కన మాణిక్యం. వెనకాల డబ్బాలు పట్టుకుని ఏడెనిమిది మంది. కొందరు కొనడానికి వచ్చినవాళ్ళు, కొందరు తమాషా చూడ్డానికి వచ్చినవాళ్ళు. వెంకీ కూడా మళ్ళీ వచ్చాడు.

"ఏమ్మా దేవీ, రాయి తీసి ఉంచావా?" అన్నారు సుబ్బరాజుగారు. "ఏమనుకోకు తల్లీ. మొగుడే వేసిన మార్కు. మేం కాదనడానికి లేదు."

మాణిక్యం అలవాటుగా చెప్పులు విడిచి లోపలికి రాబోయాడు. దేవి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే ఆగండి. గడప దాటొద్దు."

"ఇదేంటి చెల్లెమ్మా? రోజూ రానట్టు."

"వీధిలో నిలబడి రుచి చూడాలనే ముక్క ఒకటి చెప్పాను. గుర్తుందా రాజుగారూ? మీరంతా నవ్వేశారు. ఇవాళ్టినుంచి నా గుమ్మం దగ్గర అదే కట్టుబాటు. ఇడ్లీ వేసి తెస్తాను, ఇక్కడే నిలబడి మీరు తినండి. మీరు పుల్లగా ఉందంటే, ఆ రాయి నేనే మోసుకొచ్చి మీ గదిలో పెడతాను."

"నేనా?" అన్నారు సుబ్బరాజుగారు. ఆయనకి మాణిక్యం వదిన పెట్టిన రొయ్యల వేపుడు ఇంకా అరగలేదు. "నాకెందుకమ్మా. ఆ పనికి వాళ్ళిద్దరూ ఉన్నారు గదా."

"మీరు తింటే తప్పేంటి? మీకు నోరు లేదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సుబ్బరాజుగారి మొహం ఎర్రబడింది. అయినా ఆయన ఒప్పుకునేటట్టే ఉన్నారు. అప్పుడు మాణిక్యం కల్పించుకున్నాడు.

"రాజుగారిని ఎందుకు ఇబ్బంది పెట్టడం చెల్లెమ్మా? నాగబాబునే తిననిద్దాం. ఇక్కడే, ఇందరి ముందు. ఈసారి నేను నోరు విప్పను. తనే ముందు చెపుతాడు." లోపలికి తొంగిచూసి నవ్వాడు. "ఏం నాగబాబూ, చెపుతావా? వాసన కూడా చూసి చెప్పాలి మరి."

ఆ నవ్వు చూశాక దేవికి ఇంక అనుమానం లేదు. వీడికి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. తెలిసే ముందు తను మాట్లాడి, వెనక ఈయన చేత గీతలు గీయించుకుంటున్నాడు. వదిన తలుపు మీద నిలువు గీత, తన తలుపు మీద ఇంటూ. ఆ వెధవ మొహం మీద చెప్పు తిరగేసి కొట్టాలనిపించింది. కానీ కొడితే వాడు నోరు విప్పుతాడు. వెనక వెంకీ నిలబడి ఉన్నాడు. వాడు రేపు డ్యూటీకి వెళ్ళే కిచెన్, మొగుడు వంటచేసే కిచెన్ ఒకటే. పోట్లాడితే రాయి దక్కుతుంది, మొగుడి ఉద్యోగం పోతుంది, ఇద్దరి వీసాలూ పోతాయి.

"అక్కర్లేదు," అంది దేవి. "రాయి ఇచ్చేస్తాను."

"అదీ మాట," అన్నాడు మాణిక్యం.

"చెల్లె, పాగలైనవా? ఎందుకిస్తవ్?" చంద్రవ్వ చెయ్యి పట్టుకుంది. దేవి విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళింది. గ్రైండర్ బిగింపు తిప్పి రాయి పైకి తీసింది. దాని గాడిలో ఇంకా పిండి అంటుకుని ఉంది. కడగలేదు. రెండు చేతులా ఎత్తి తెచ్చి నాగబాబు ఒళ్ళో పెట్టింది.

"మీరే ఇవ్వండి," అంది, నలుగురిలో మళ్ళీ మీరు అంటూ. "మీరే గదా గీసింది. మీ చేతుల్తోనే ఇవ్వండి."

నాగబాబు రాయి పట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వచ్చాడు. సుబ్బరాజుగారు చేతులు చాపారు.

నాగబాబు ఇవ్వలేదు.

"ఏంటయ్యా, ఇవ్వు."

"ఇవ్వనండి."

"నాగబాబూ!" అన్నాడు మాణిక్యం.

"నాకు రుచి తెలీదు రాజుగారూ."

దేవి వెనకనుంచి అతని చొక్కా పట్టి లాగింది. "నోరు ముయ్యండి," అంది గొంతు తగ్గించి. "మీకు దణ్ణం పెడతాను, నోరు ముయ్యండి."

"తెలీదండి. వాసనా తెలీదు. కరోనా వచ్చినప్పట్నుంచీ అంతే. ఈ మాణిక్యానికి ఆ సంగతి తెలుసని నాకు ఇప్పుడే తెలిసింది. ఆడు ముందు చెపుతాడు, నేను గీస్తాను. మా ఆవిడ పిండి పులవలేదు. పులిసిందో లేదో నాకు తెలీదు గానీ, ఆవిడ పులవలేదంటంది, అది చాలు నాకు. ఈ రాయి నేనివ్వను."

మాణిక్యం నవ్వు పోయింది. సుబ్బరాజుగారు చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. వరండాలో రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి.

దేవి ఎవరినీ చూడటం లేదు. వెంకీనే చూస్తోంది.

వెంకీ డబ్బా కింద పెట్టాడు. "అంటే అన్నా," అన్నాడు, "మన కిచెన్లో రోజూ... ఆ కూరలన్నీ..." జేబులోంచి ఫోను తీసి మెట్ల వైపు నడిచాడు.

"వెంకీ!" దేవి మొగుణ్ణి పక్కకి తోసింది, సుబ్బరాజుగారిని తోసింది. చెప్పులు కూడా లేకుండా వరండాలోకి పరిగెత్తింది. "ఒరే వెంకీ! నిన్నే, ఆగు! ఒక్క మాట విని వెళ్ళు!"

మెట్ల మలుపు తిరిగిపోయాడు. ఒక సంగతి చెప్పాలని ఫోన్లో హిందీలో అంటున్న అతని గొంతు మాత్రం పైకి వినిపించింది.

"సలామ్ ముదీర్ సర్," అంటున్నాడు వెంకీ. "ఏక్ బాత్ బతానీ థీ. నాగబాబు కే బారే మే."